తల ఆఖర్న వేసే మా బావ

"అరవై రోజుల్లో, ప్రపంచంలో ఎక్కడా లేనంత పొడుగు బొమ్మని మన కొత్త ఆఫీసు హాల్లో నిలబెడతాం. అందులో మన ప్రభుత్వంలోని ఒక్క పెద్దమనిషి మొహం కూడా తప్పిపోదు" అని సంస్కృతి శాఖ మంత్రి గారు ప్రకటించారు.

ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. పేపర్లో వచ్చిన ఫోటోలో కూడా ఉన్నాను. మంత్రి గారి తల మీదుగా నిచ్చెన మెట్టు మీద రెండు కాళ్ళు కనిపిస్తాయే, అవి నావే. నేను గోడలకి రంగులేస్తాను. ఆ హాలుకి తెల్లరంగు రెండో పూత నడుస్తోంది. నిచ్చెన మీదున్న మనిషిని కింద ఉన్నవాళ్ళు మనిషి కింద లెక్కెయ్యరు. అందువల్ల ఈ దేశంలో జరిగే సంగతులన్నీ ముందు మాకే తెలుస్తాయి. పేపర్లో సగమే వచ్చింది. మిగతా సగం, నా కళ్ళతో చూసింది చూసినట్టు, ఒక్క ముక్క కలపకుండా చెబుతాను.

విలేకర్లు టీ తాగి వెళ్ళిపోయాక మంత్రి గారు సెక్రటరీ గారి వైపు తిరిగారు.

"ఇంతకీ బొమ్మ ఎవరేస్తారయ్యా?"

"ఎవరైనా సమకాలీన కళాకారుణ్ణి చూడాలండీ."

"అంటే?"

"ఇంకా బతికున్నవాడండీ."

"బతికున్నవాడు వద్దు. మాట్లాడతాడు."

"చచ్చిపోయినవాడు వెయ్యలేడండీ" అన్నారు సెక్రటరీ గారు. ఎంత పెద్ద చదువో చూడండి, జవాబు తడుముకోలేదు.

నేను నిచ్చెన మీంచే అన్నాను. "మా బావ ఉన్నాడండీ. బతికే ఉన్నాడు, పొద్దున్న చూసే వచ్చాను. పెద్దగా మాట్లాడడు కూడా. మా అక్క మాట్లాడనివ్వదు."

ఇద్దరూ పైకి చూశారు. అలా మా బావ కళాజీవితం మొదలైంది.

మా బావ సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా నాయకులకి కటౌట్లు వేస్తున్నాడు. అరవై అడుగుల నాయకుణ్ణి రోడ్డు మీద నిలబెడితే ఆ నీడలో ఆరు కుటుంబాలు కాపురం పెట్టుకునేవి. ఆయన వేసిన నాయకుడి కళ్ళు చూసి ట్రాఫిక్ ఆగిపోయేది. ఒకసారి ఆ కటౌట్‌కి దణ్ణం పెట్టి తిరిగొచ్చిన పార్టీ కార్యకర్తలు అసలు నాయకుణ్ణి చూసి, "ఈయన పోలికలు కాస్త తక్కువగా ఉన్నాయి" అన్నారు. అంత పనిమంతుడు. కానీ ఇరవై ఏళ్ళలో ఒక్క బొమ్మ కింద కూడా ఆయన పేరు లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నాయకుడి చెప్పు పక్కన చిటికెన వేలంత అక్షరాలతో రాసుకున్నాడు. కార్యకర్తలు వచ్చి గోకేశారు. "మా నాయకుడి కాళ్ళ దగ్గర నీ పేరేంట్రా, తల మీదే రాయకపోయావా!" అన్నారు.

ఇది మా బావకి పెద్ద బాధ కాదు. బాధ ఎక్కడ వచ్చిందంటే, నా మేనకోడలు బళ్ళో "ఆ కటౌట్లన్నీ మా నాన్నే వేశాడు" అని చెప్పింది. "మరి పేరేదీ?" అన్నారు పిల్లలు. ఆ రోజు నుంచి దాన్ని కోతలరాణి అని పిలుస్తున్నారు. అది ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. మా బావ మంచం పక్కన కూర్చుని, "ఒక్క బొమ్మ మీద పేరు రాసి చూపిస్తానమ్మా. రాయకపోతే బ్రష్షు పట్టుకోను" అని మాటిచ్చాడు. అందుకని సెక్రటరీ గారు పిలిపించినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే.

"సార్, కింద నా సంతకం పెట్టుకోనిస్తారా?"

సెక్రటరీ గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "పెట్టుకోవచ్చు. బొమ్మ సంపూర్తి అయినట్టు మంత్రి గారు సర్టిఫికెట్ ఇచ్చాక."

"సంపూర్తి చెయ్యడం నా చేతిలో పనే కదండీ" అన్నాడు మా బావ. పాపం, అమాయకుడు.

తొంభై అడుగుల చెక్క పలకలు వచ్చాయి. గోడకి చెమ్మ ఉందని గోడకి రెండు బారలు ముందుకి జరిపి నిలబెట్టాం. నలభై రెండు మంది పెద్దమనుషులు పట్టాలి. పెద్దాయన మాత్రం లేరు. పెద్దాయన అంటే మంత్రులందరికీ పైనున్నాయన. ఆయనకి బొమ్మలో ఉండటం ఇష్టం లేదు, బొమ్మలో ఎవరుండాలో చెప్పటం ఇష్టం.

మొదటి వారం సెక్రటరీ గారు పనిచూడటానికి వచ్చారు.

"కాన్సెప్ట్ నోట్ కావాలి. మూడు కాపీలు."

"అదేంటి సార్?"

"బొమ్మ వెయ్యకముందు బొమ్మ గురించి రాసేది."

"వేశాక చూస్తే తెలుస్తుంది కదండీ."

"వేశాక ఎవరు చూస్తారయ్యా? చూసేది దీన్నే. సరే, నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను. నీ క్రియేటివ్ ప్రాసెస్ ఏమిటి?"

"పొద్దున్నే టీ తాగుతానండీ. తర్వాత మొండేలు వేస్తాను. తలలు ఆఖర్న."

సెక్రటరీ గారు 'దేహం నుంచి శిరస్సు వైపు ఒక అన్వేషణ' అని రాసుకుని, కలం ఆపి, "తలలు ఆఖర్న ఎందుకు?" అన్నారు.

"మా కటౌట్ల పనిలో అంతేనండీ. మొండెం ముందే వేసి పెట్టుకుంటాం. కోటు, చెయ్యెత్తి ఊపడం, అన్నీ ఒకటే. తల మాత్రం, కటౌట్ బండెక్కే పూట వేస్తాం. తొందరపడి ముందే వేస్తే నష్టపోతాం. ఒంటికి పార్టీ ఉండదండీ, తలకే ఉంటుంది."

సెక్రటరీ గారు ఈ ఆఖరి ముక్క రాసుకోలేదు.

పెద్దమనుషులెవరికీ వచ్చి నిలబడే తీరిక లేదు. అందరూ మొహం ఫోటోలు పంపించారు. మరి చేతులు? చేతులకి మా అక్క ఉంది. ఒక చెయ్యి పైకెత్తి నిలబడి, రెండో చేత్తో హాల్లోనే పెట్టుకున్న స్టవ్ మీద గరిటె తిప్పుతూ, నలభై రెండు మందికీ ఆవిడే చేతులిచ్చింది. తల ఎంతుండాలో కొలత కూడా ఆవిడదే. మా బావ ఆవిడ మొహం చుట్టూ అట్టముక్క పెట్టి గీసి, కత్తిరించి, ఆ అట్టతోనే నలభై రెండు ఖాళీ తలలూ గీశాడు.

"ఏమయ్యా, రక్షణ మంత్రి చెయ్యి ఇంకా ఎంతసేపు? కూర మాడుతోంది" అనేది అక్క.

"వేళ్ళు అయిపోయాయే. పిడికిలి బిగించు."

"నిన్ను చూస్తే అదే బిగుస్తుంది."

ఇరవయ్యో రోజున సెక్రటరీ గారు భూతద్దంతో వచ్చారు. "ఇదేమిటి? నలభై రెండు మంది వేళ్ళకీ ఒకే ఉంగరం! అందరూ కలిసి ఎవరిమీదో కుట్ర చేస్తున్నారని పెద్దాయన అనుకుంటే?"

అక్క ఉంగరం తియ్యబోయింది. పెళ్ళినాటిది, రాలేదు. బావ లాగాడు, నేను లాగాను, సెక్రటరీ గారు కూడా ప్రభుత్వం తరఫున లాగారు. అక్క మా ముగ్గుర్నీ పక్కకి తోసి, సంచిలోంచి బట్టల సబ్బు తీసి, నీళ్ళు చల్లి నురగ చేసింది. ఉంగరం జారి పళ్ళెంలో పడింది.

"ఇరుక్కున్నదాన్ని లాగితే ఇంకా ఇరుక్కుంటుందండీ. నాలుగు చుక్కల నీళ్ళు, కాస్త సబ్బు చాలు" అంది.

"పరిపాలనలో కూడా అంతేనమ్మా" అన్నారు సెక్రటరీ గారు.

నలభయ్యో రోజుకి మొండేలు పూర్తయ్యాయి. మా బావ తలలు మొదలుపెట్టాడు. ఎడమ నుంచి మూడోది రవాణా మంత్రి గారిది. పొద్దున వేశాడు. మధ్యాహ్నం రేడియోలో ఆయన రాజీనామా వచ్చింది. సెక్రటరీ గారు నన్ను పిలిచి, "ఏమోయ్, తెల్లరంగు తీసుకుని ఆయన్ని కాస్త సర్దెయ్" అన్నారు. సర్దేశాను. కొత్తాయన తల వేశాడు. గురువారం కొత్తాయన పాతబడ్డాడు. మళ్ళీ సర్దాను. ఆ ఒక్క మెడ మీద పన్నెండు తలలు మారాయి. రంగు మీద రంగు, తెలుపు మీద తెలుపు పడి ఆ తల పలకలోంచి ముందుకి జానెడు పొడుచుకొచ్చింది. ప్యూను దానికి గొడుగు తగిలించుకునేవాడు. నా మాట నమ్మకపోతే ప్యూన్ని అడగండి, గొడుగు ఇప్పటికీ ఉంది.

మా బావకి విసుగు పుట్టింది. నలభై రెండు తలల మీదా నాతో తెల్లరంగు వేయించి, అట్టతో మళ్ళీ ఖాళీ గుండ్రాలు గీసుకుని, నిచ్చెన కింద కూర్చుని బీడీ వెలిగించాడు. "బండెక్కే పూటే వేద్దాం రా బామ్మర్దీ. మన పద్ధతే మంచిది."

సరిగ్గా అప్పుడే ఎండాకాలం కూడా మెడకి మఫ్లర్ చుట్టుకునే ఒక కళావిమర్శకుడు హాల్లోకి వచ్చాడు. తొంభై అడుగులూ నడిచాడు. కుర్చీలో కూలబడ్డాడు. నేను మంచినీళ్ళిచ్చాను.

"తలలు లేవు..." అన్నాడు వణుకుతూ.

"లేవండీ" అన్నాడు బావ.

"ఎందుకు లేవు?"

"ఇంకా తేలలేదండీ."

మఫ్లరాయన కళ్ళంట నీళ్ళు కారాయి. "ఇంకా తేలలేదు! ఎంత మాటన్నారు!" అని బావ చేతులు పట్టుకున్నాడు. "మరి ఈ చేతులన్నీ ఒక్కలాగే ఉన్నాయి?"

"అన్నీ మా ఆవిడవేనండీ."

మఫ్లరాయన ఇక తట్టుకోలేక బయటికి పరిగెత్తాడు. మర్నాడు పేపర్లో సగం పేజీ రాశాడు. శూన్యం, అధికారం, అదృశ్య స్త్రీశ్రమ. నాకు అర్థమైనంతవరకూ ఇంతకన్నా గొప్ప బొమ్మ భూమ్మీద లేదని. ఆ వారంలోనే బావకి మూడు శాలువాలు, రెండు పతకాలు, ఒక విదేశీ గ్యాలరీ నుంచి విమానం టికెట్ వచ్చాయి. బొమ్మలేసే కుర్రకారు శిష్యరికానికి క్యూ కట్టారు. గురువు గారు తలలు మానేశారని వాళ్ళు కాళ్ళు కూడా మానేశారు. వాళ్ళలో ఒకడు పలక కూడా మానేసి ఉత్త మేకు కొట్టి ప్రదర్శన పెట్టాడు. బాగా జరిగింది, జనం కోట్లు తగిలించుకున్నారు.

టీవీలో బావ కనిపిస్తుంటే నా మేనకోడలు అడిగింది. "నాన్నా, బొమ్మ మీద నీ పేరు రాశావా?"

"ఇంకా లేదమ్మా. సర్టిఫికెట్ రావాలి."

"లోకమంతా తెలిసింది, చెక్క ముక్కకి తెలియలేదు నీ పేరు" అంది అక్క.

సర్టిఫికెట్ కోసం వెళితే మంత్రి గారు మండిపడ్డారు. "నా తల లేని బొమ్మకి నేను సర్టిఫికెట్ ఇవ్వాలా?"

మఫ్లరాయన అడ్డం పడ్డాడు. "తల వేస్తే కళాఖండం నాశనమైపోతుంది! లోకం నవ్వుతుంది!"

"వెయ్యకపోతే నన్ను చూసి మా ఆవిడ నవ్వుతుందయ్యా!"

సెక్రటరీ గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచారు. నేనైతే ఆ మనిషికి చేతులెత్తి మొక్కుతాను. "వెయ్యనూ వద్దు, మాననూ వద్దు. తల ఉండాల్సిన చోట కన్నం పెడదాం. ఎవరు పదవిలో ఉంటే వారు ఆవిష్కరణ నాడు వెనక నిలబడి తల బయటికి పెడతారు. పదవి పోతే తల తీసుకుంటారు. బొమ్మ మార్చక్కర్లేదు, రంగు ఖర్చు లేదు, కళకి హాని లేదు."

"జీవంతో తొణికిసలాడే శిల్పం!" అన్నాడు మఫ్లరాయన.

"నా తల వస్తుంది కదా?" అన్నారు మంత్రి గారు.

"ముందు మీదే వస్తుందండీ."

రంపం నాకే ఇచ్చారు. మా బావ గీసిన గుండ్రం మీదుగా, వెంట్రుకవాసి తేడా రాకుండా కోశాను. ఆ కొలత ఎవరిదో అప్పుడు ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకైతే అసలు రాలేదు.

ఆవిష్కరణ సాయంత్రం హాలు కిటకిటలాడింది. ముందు కెమెరాలు. మా అక్క, మేనకోడలు ఒక మూల. బావ కొత్త బ్రష్షు, నల్లరంగు గిన్నె పట్టుకుని కింది అంచు దగ్గర నిలబడ్డాడు. పలక వెనక నలభై రెండు మంది పెద్దమనుషులు, వాళ్ళతోబాటు నేను. సర్దుబాట్లకి ఉండమన్నారు.

"ముందు నేను పెట్టి చూపిస్తాను, తర్వాత మీరంతా పెట్టండి" అని మంత్రి గారు కన్నంలో తల పెట్టారు. నుదురు వెళ్ళింది. చెవుల దగ్గర ఆగింది. ఇద్దరు కార్యకర్తలు వెనకనుంచి భక్తిగా తోశారు. చెవులు మడత పడి టప్పుమని అవతలికి వెళ్ళి విచ్చుకున్నాయి. హాలంతా చప్పట్లు.

అప్పుడే వెనక ఫోన్లు మోగాయి. ఒకటి కాదు, వరసగా అన్నీ. పెద్దాయన ఆ సాయంత్రం మంత్రివర్గం మొత్తాన్ని మార్చేశారు. నలభై ఒక్క మంది ఫోను చెవిన పెట్టుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయారు. ఒక్కరూ చెప్పి పోలేదు. మా మంత్రి గారి చేతిలో ఫోను కూడా మోగింది. చెయ్యి ఇటుంది, చెవి అటుంది.

"ఒరేయ్ రంగులబ్బాయ్! ఎత్తి ఏమంటున్నారో చెప్పు!" అని అటునుంచి అరిచారు.

ఎత్తాను. విన్నాను. "మీరిక మంత్రి కాదటండీ" అన్నాను. గట్టిగా అనాల్సి వచ్చింది, మధ్యలో పలక ఉంది కదా. హాలంతా విన్నది.

తల వెనక్కి లాగారు. చెవులు పట్టేశాయి. "కొయ్యండ్రా!" అన్నారు. "మూడు పతకాలొచ్చిన కళాఖండం! ముట్టుకుంటే కోర్టుకెళతాను!" అన్నాడు మఫ్లరాయన. పతకాలు రెండే, కానీ ఆ సమయంలో ఎవరు లెక్కపెడతారు. కొయ్యాలంటే ఫైలు కదలాలి, ఫైలు కదలాలంటే మంత్రి గారి సంతకం కావాలి అన్నారు సెక్రటరీ గారు. మంత్రి ఎవరు? ఎవరూ లేరు.

మా అక్క జాలిగుండె మనిషి. సంచిలోంచి సబ్బు తీసి, నీళ్ళ గ్లాసు పట్టుకుని ముందుకి వెళ్ళి, "కళ్ళు మూసుకోండి అన్నయ్య గారూ" అని ఆయన తలకి నురగ పెట్టి రుద్దింది. జుట్టులోంచి నల్లటి నురగ దిగింది. చెవుల వెనక వేలు పెట్టి మడిచి, "ఊఁ, ఇప్పుడు" అంది. నేను వెనకనుంచి నడుం పట్టుకుని లాగాను. ఊడివచ్చారు. తల నెరిసిపోయి ఇరవై ఏళ్ళు పెద్దవారై ఉన్నారు. బయటికి వెళితే డ్రైవరు పోల్చుకోక కారెక్కనివ్వలేదట. పోల్చుకున్నా ఎక్కనిచ్చేవాడు కాడు.

బావ ఆయన వెనకే పరిగెత్తాడు. "సార్, సర్టిఫికెట్!"

"నన్నడిగితే ఏం లాభం నాయనా" అని ఆయన నడిచి వెళ్ళిపోయారు.

గంట తిరక్కుండానే కొత్త సంస్కృతి మంత్రి గారు ప్రమాణం చేసి తిన్నగా హాలుకే వచ్చారు. కెమెరాలు ఇంకా పోలేదని ఆయనకి తెలిసింది. బావ చేతులు కట్టుకుని సంగతి చెప్పాడు. కొత్తాయన తొంభై అడుగులూ చూసి, "నా తల లేకుండా సంపూర్తి ఎలా అవుతుందయ్యా?" అన్నారు.

"అందులో పెడితే రాదండీ" అన్నాను నేను.

"ఆయనకి రాలేదు. ఆయన తలకి పొగరు" అని వెనక్కి వచ్చి పెట్టేశారు. సబ్బు తడి ఉంది కదా, ఎవరూ తొయ్యకుండానే సర్రున వెళ్ళింది. "ఫోటో తియ్యండి! ఇదీ సంపూర్తి అంటే!"

తీశారు. బావ కింది నుంచి, "మరి సర్టిఫికెట్ సార్?" అన్నాడు.

"రేపు చూద్దాం."

అని తల వెనక్కి లాగారు. సబ్బు ఆరిపోయింది. చెవులు పట్టేశాయి. రెండుసార్లు లాగి, మూడోసారి లాగకుండా, కొత్త మంత్రి గారు మా అక్క వైపు చూశారు.

"అమ్మా, ఇందాక ఏదో సబ్బు..."

"అయిపోయిందండీ" అంది అక్క. సంచిలోంచి సబ్బు సగం బయటికి కనిపిస్తోంది.

"కనిపిస్తోంది కదమ్మా!"

"అది మా ఆయన సంతకం అయ్యాక వాడేదండీ."

సెక్రటరీ గారు గబగబా కాగితం పట్టుకుని వెనక్కి వచ్చారు. నేను వంగాను, నా వీపు మీద కాగితం పెట్టారు. కొత్త మంత్రి గారు చూపు అటు, చెయ్యి ఇటు పెట్టుకుని సంతకం చేశారు. సంతకం కొంత నా చొక్కా మీద కూడా పడింది. బొమ్మ సంపూర్తి అయింది.

నేను ముందుకి వచ్చి నా తెల్లరంగు డబ్బా మీద కూర్చున్నాను. బావ మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త బ్రష్షు నల్లరంగులో ముంచాడు. ఇరవై ఏళ్ళు ఊరందరి పేర్లూ బోర్డుల మీద రాసిన చెయ్యి, సొంత పేరు రాయబోయే చోటుని చొక్కా అంచుతో రెండుసార్లు తుడిచింది. నా మేనకోడలు పక్కన చతికిలబడి ఒక్కో అక్షరం పైకి చదువుతోంది. అక్క సబ్బు తడిపి సిద్ధంగా ఉంది.

ఆఖరి అక్షరానికి కొమ్ము పెడుతుండగా, పలక వెనక ఫోను మోగింది.

"ఎత్తకండి!" అని అరిచారు మంత్రి గారు. "ఎవరూ ఎత్తకండి!"

ఫోను మోగుతూనే ఉంది. సెక్రటరీ గారు చేతిలో సర్టిఫికెట్ వైపు చూశారు. పలక కింద ఇంకా ఆరని బావ పేరు వైపు చూశారు. నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగారు.

"ఏమోయ్, తెల్లరంగు ఇంకా ఉందా?"

"అయిపోయిందండీ" అన్నాను, డబ్బా మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ.